యాభై నాలుగో నంబర్ సైగ

వీడియో నిడివి పదకొండు సెకన్లు. గడిచిన ఐదు రోజుల్లో దాన్ని రెండు వందల సార్లు చూసి ఉంటాను. అయినా ప్రదీప్ నాకు మొదటిసారి చూపిస్తున్నవాడిలా టాబ్లెట్‌ను నా వైపు తిప్పి, వేలితో నొక్కి, కుర్చీలో వెనక్కి వాలాడు.

తెర మీద ఒక ఆటగాడి వీపు. నల్ల జెర్సీ, దాని మీద తెల్లటి 54, తలకు హెల్మెట్. కుడిచెయ్యి ఎదుటి జట్టుకు స్పష్టంగా కనిపించేలా చాచి ఉంది. వేళ్ల కొసల్లో చిన్న వస్తువేదో పట్టుకుని గాల్లో రుద్దినట్టు ఆ చెయ్యి రెండుసార్లు ఆడింది. మూడో సెకనులో బంతి లేచింది. పదకొండో సెకనుకు కావేరి కింగ్స్ ఆటగాడు బంతితో గీత దాటేశాడు. నల్ల జెర్సీల గోల్కొండ గార్డ్స్ ఫైనల్ ఓడిపోయింది.

"పదేళ్ల కిందట, మార్చి ఇరవై రెండు, సాయంత్రం ఆరు గంటల పన్నెండు నిమిషాలు," అన్నాడు ప్రదీప్. "తన జట్టు ఏం చేయబోతోందో సల్మాన్ ఎదుటివాళ్లకు చెయ్యెత్తి మరీ చెప్పాడు. ఇంకేం కావాలి సుమన గారూ?"

"ఎడమ దిక్కు చూడుండ్రి. జెర్సీ మీద ఐదు అంకె సగం తెగింది. ఇది పెద్ద వీడియోలకెళ్లి కత్తిరించిన ముక్క."

"కత్తిరించినా జరిగింది జరిగిందే. ఆ చెయ్యి అబద్ధం కాదు కదా."

"సగం మనిషిని చూసి మొత్తం మనిషి మీద రిపోర్టు రాసిండ్రన్న మాట."

అతనికి కోపం వచ్చింది. నాకు ముందే వచ్చి ఉంది కాబట్టి ఇద్దరం సమానమయ్యాం.

ప్రదీప్ హైదరాబాదు డిటెక్టివ్ ఏజెన్సీ మనిషి. ఉద్యోగానికి ఎంచుకున్న వాళ్ల పూర్వాపరాలు తేల్చమని వనపర్తిలోని పాలమూరు క్రీడా అకాడమీ అతన్ని పెట్టుకుంది. నేను గద్వాల దాన్ని. పదిహేనేళ్లు బీమా క్లెయిములు తనిఖీ చేసి, చచ్చిపోయినట్టు రాయించుకున్న ముగ్గురిని బతికుండగానే పట్టుకుని, ఆ తర్వాత సొంత బోర్డు పెట్టుకున్నాను. నన్ను పెట్టుకున్నది సల్మాన్ తల్లి సుల్తానాబీ.

సల్మాన్ వడ్డేపల్లి స్కూల్లో కబడ్డీ ఆడిన మనిషి. ఇరవై రెండో ఏట హైదరాబాదులో సెలక్షన్లకు పోయి, ఊళ్లో ఎవరూ పేరైనా వినని ఆటలో జీతం తీసుకునే ఆటగాడయ్యాడు. ఆ ఆట అమెరికన్ ఫుట్‌బాల్. పక్షానికి పదకొండు మంది. బంతి ఉన్న జట్టు ముందుకు రావాలి, లేని జట్టు ఆపాలి. మ్యాచ్‌లో బంతి లేచిన ప్రతిసారీ ఒక ఆట కింద లెక్క. సల్మాన్ ఆపేవాళ్లకు నడుమ నిలబడేవాడు. ముందు వరస నలుగురికీ ఢీకొట్టడం తప్ప వేరే పని లేదు. వెనక ఉన్న ఆరుగురు ముందుకు దూకాలా, ఉన్నచోటే కాపు కాయాలా అన్నది అతని చేతి సైగ చెప్పేది. సైగ చేస్తే దూకాలి, చేయకపోతే కదలకూడదు.

మూడు సీజన్లు, ముప్పై ఒక్క మ్యాచ్‌లు, ఒకసారి విరిగిన భుజం, రెండో ఏడు ఉత్తమ డిఫెండర్ కప్పు. ఆ తర్వాత ఈ పదకొండు సెకన్లు. ఫైనల్ మర్నాడు ఉదయం ఫోన్ చేసి ఇక రావద్దన్నారు. విచారణ లేదు, కాగితం లేదు. ఆ లీగ్ కూడా అదే ఏడు మూతబడింది. మ్యాచ్ అమ్మినవాడన్న పేరు మాత్రం అతని వెంట వడ్డేపల్లి దాకా వచ్చి కూర్చుంది.

ఇప్పుడతనికి ముప్పై ఐదేళ్లు. ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ను ఒలింపిక్స్‌లోకి తీసుకున్నాక ఇక్కడి అకాడమీకి కోచ్ కావలసి వచ్చింది. అదే ఆట, కాకపోతే ఢీకొట్టడాలు ఉండవు, నడుముకు కట్టిన పట్టీ లాగితే చాలు. ఎంపిక జాబితాలో మొదటి పేరు సల్మాన్, రెండోది అదే జట్టులో ఆడిన జితేందర్. సరిగ్గా ఐదు రోజుల కిందట సంతకం లేని ఉత్తరం ఒకటి, ఈ పదకొండు సెకన్లతో పెన్‌డ్రైవ్ ఒకటి పోస్టులో వచ్చాయి. ఇవాళ సాయంత్రం నాలుగింటికి విచారణ. అందులో నిలవకపోతే సల్మాన్‌కు కోచ్ ఉద్యోగం పోతుంది. అంతకంటే పెద్ద సంగతి, పదేళ్ల గుసగుస ఈసారి అకాడమీ రికార్డులో అక్షరాలతో ఎక్కుతుంది.

"ఆ ఉత్తరం మళ్లొక్కసారి చూపియ్యుండ్రి," అన్నాను.

ప్రదీప్ ఫైలు తెరిచాడు. తెల్ల కాగితం, కంప్యూటర్ అక్షరాలు. 'ఎంపికైన సల్మాన్ ఫైనల్ మ్యాచ్ అమ్మాడని అందరూ అంటారు. నిజం తేల్చకుండా పిల్లలను అతని చేతికి ఇవ్వవద్దు. సాక్షి ఇరవై ఒకటో నంబర్ ఆటగాడు జితేందర్. అతన్ని పిలిచి అందరి ముందు అడగండి.'

"వీన్ని తీసెయ్యుండ్రి అని రాయలే. తేల్చుండ్రి అని రాసిండు. మీకేం అనిపిస్తలేదా?"

"ఎవరు రాశారన్నది నా పని కాదు. రాసింది నిజమా అబద్ధమా అన్నదే నా పని. నిజమని ఆరో పేజీలో తేల్చేశాను." అతను ఫైలు మూసేశాడు. "పల్లెటూళ్లో జాలి ఎక్కువ. రుజువులు తక్కువ."

లేచి బయటికొచ్చాను. అతనికి తెలియని సంగతి ఒకటి నా బ్యాగులో ఉంది. మొత్తం మ్యాచ్ వీడియో. అప్పట్లో జట్టుకు కెమెరా పట్టిన గణేష్ ఇప్పుడు కోడేరులో పెళ్లిళ్లకు వీడియోలు తీసుకుంటున్నాడు. నిన్న మధ్యాహ్నం వెళ్లి అడిగితే పాత హార్డ్ డిస్క్ తీసి చేతిలో పెట్టాడు. పదేళ్లుగా ఎందుకు ఇవ్వలేదయ్యా అంటే, "లీగు లేదు, ఆఫీసు లేదు. అడిగినోళ్లు ఎవరున్నరు మేడం," అన్నాడు. సల్మాన్ ఏమో ఆ వీడియో లీగ్ ఆఫీసుతో పాటే పోయిందనుకుంటున్నాడు.

అందులో సల్మాన్ చేతి సైగలు పంతొమ్మిది లెక్క తేలాయి. పదమూడుసార్లు వెనక ఆరుగురూ దూకారు. ఐదుసార్లు ఆరుగురూ కదలకుండా నిలబడ్డారు. పంతొమ్మిదోసారి, ఆ చివరిసారి, ఒక్కడే దూకాడు. ఎడమ అంచున ఉన్న ఇరవై ఒకటో నంబర్. అతను వదిలిన ఖాళీలోంచే బంతి పోయింది. ఒకే సైగకు దూకడం ఏమిటి, నిలబడటం ఏమిటి? రాత్రి నిద్రపట్టకుండా చేసిన ప్రశ్న అదే.

జితేందర్ అకాడమీ వరండాలోనే దొరికాడు. బల్మూరు మనిషి, బళ్లో వ్యాయామం టీచరు, ఇప్పటికీ నిటారుగా నిలబడతాడు. ఫోన్ రికార్డర్ నొక్కి అతని ముందు పెట్టాను. టైం పది గంటల ఐదు నిమిషాలు.

"ఆ ఉత్తరం మీరే రాసిండ్రా?"

"నాకేం ఖర్మ మేడం. నేను రాయలే. కాని అండ్ల ఉన్నదంత నిజం. పిలిచిండ్రు కాబట్టి చెప్పిపోత."

"ఆఖరి ఆటల మీరెందుకు ముందుకు దూకిండ్రు?"

"సైగ జేసిండు, దూకిన. సైగ జేస్తె దూకాలె, గంతే."

"మిగిలినోళ్లు దూకలే గదా."

"వాళ్లతోని గూడ మాట్లాడుకున్నడేమో, నాకేం తెల్సు."

"ఒక్కోసారి ఎదుటోళ్లను తప్పుదోవ పట్టియ్యడానికి దొంగ సైగ చేస్తరు గదా. అట్లాంటిది మీ టీంల ఉండెనా?"

"లేదు. మా టీంల దొంగ సైగలు లేనే లేవు." కన్ను కూడా ఆర్పలేదు.

రికార్డర్ ఆపి కారెక్కాను. వడ్డేపల్లి చేరేసరికి పదకొండు నలభై.

సుల్తానాబీ కౌలుకు తీసుకున్న మూడెకరాల్లో విత్తన పత్తి సాగవుతోంది. గద్వాల దిక్కున ఏ ఊళ్లో చూసినా ఈ రోజుల్లో ఇదే పని. సాయంత్రం పూట ఆడపువ్వు మొగ్గల్ని చేత్తో ఒలిచి, గుర్తుకు చిన్న ఎర్ర కాగితం తొడుగుతారు. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి, ఆ ఎర్ర కాగితం ఉన్న వాటికి మాత్రమే రుద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. మధ్యాహ్నం దాటితే ఆ పువ్వు పనికిరాదు కాబట్టి చేలో ఎవరూ తలెత్తి చూడటం లేదు.

సల్మాన్ మగపువ్వుల గంప మోసుకుంటూ ఎదురొచ్చాడు. ఇంత వెడల్పు భుజాలున్న మనిషి అంత మెల్లగా మొక్కల మధ్య నడవడం చూడటానికి వింతగా ఉంటుంది.

"తమ్మీ, గణేష్ తాన మొత్తం వీడియో దొరికింది."

గంప కింద పెట్టాడు. "దొరికిందా అక్కా," అని మాత్రం అన్నాడు.

"ఒకే సైగకు ఒకసారి దూకుతరు, ఒకసారి ఆగుతరు. ఎందుకు?"

"నేను చెప్తే చెల్లదు."

"నాకు చెప్పు. చెల్లేటట్టు నేను చేస్త."

"పదేండ్ల కింద గూడ చెప్పిన. నా సైగకు నేనే అర్థం చెప్పుకుంటె ఎవరు నమ్ముతరని నవ్విండ్రు. టీంల ఇద్దరు నా తరపున చెప్తె, వాళ్లు నా దోస్తులన్నరు. నా నోట వింటె నువ్వు గూడ నా మనిషివైపోతవు. నీ అంతట నువ్వే తెల్సుకోవాలె అక్కా."

గంప ఎత్తుకుని పోయాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కక్షిదారు నోరు విప్పకపోతే డిటెక్టివ్ ఎవరిని అడగాలి? నాలుగు గంటలకు విచారణ పెట్టుకుని ఈ మనిషి నాకు పరీక్ష పెడుతున్నాడు.

ఆ చిరాకులో పక్కనున్న మొక్క మీద పువ్వొకటి తెంపబోయాను. పటుక్కున నా చేతి మీద దెబ్బ పడింది.

"దాన్ని ముట్టకు బిడ్డా," అంది పక్క సాలులో పని చేస్తున్న ముసలామె. పేరు ఈదమ్మ. రోజు కూలికి వచ్చిన మనిషి. "ఎర్రది లేదు, చూస్తలేవా? ఎర్రది ఉన్నదాని మీదనే చెయ్యి బెట్టాలె. లేనిది మన పని గాదు."

ఒక్క నిమిషం ఆమె వేళ్లనే చూస్తూ ఉండిపోయాను. మగపువ్వును మూడు వేళ్ల కొసల్లో పట్టుకుని, ఎర్ర కాగితం తీసి, రెండుసార్లు రుద్ది, పక్కకు జరుగుతోంది. ఎర్ర కాగితం లేని పువ్వులన్నీ దాటేస్తోంది. ఒక్కదాని దగ్గర కూడా ఆగడం లేదు.

నేను పరుగెత్తుకుంటూ కారు దగ్గరికి పోయి లాప్‌టాప్ తెచ్చాను. ఈదమ్మ జీవితంలో ఈ ఆట చూడలేదు, హెల్మెట్ వెనక ఉన్నది ఎవరో కూడా నేను చెప్పలేదు. గట్టు మీద కూర్చోబెట్టి మొదటి సైగ చూపించాను.

"ఈయన ఏం చేస్తుండమ్మా?"

"క్రాసింగ్ చేస్తుండు గదా." ఆమెకు నా ప్రశ్నే తెలివితక్కువగా తోచింది. "పొద్దుగాల పని. గా ఎడమచేతికి ఎర్రది గట్టుకుండు చూడు. అంటె ఈ పువ్వుకు పని జెయ్యమంటుండు."

అప్పుడు చూశాను నేను. నిన్నటి నుంచి చూస్తూనే ఉన్నా కంటికి ఆనని సంగతి. సల్మాన్ కుడిచెయ్యి ఎదుటి జట్టుకు కనిపిస్తే, ఎడమచెయ్యి నడుము పక్కన వెనక్కి తిప్పి, తన వాళ్లకు మాత్రమే కనిపించేలా ఉంది. ఆ మణికట్టుకు ఎర్ర పట్టీ. అది అప్పుడప్పుడూ కనిపించకపోతే చొక్కా చేతుల్లోకి జారిందనుకున్నాను.

ఇరవై ఆరో నిమిషం తీసి చూపించాను. కుడిచెయ్యి అదే రుద్దడం రుద్దుతోంది. ఎడమ మణికట్టు దాకా నల్ల చొక్కా లాగి ఉంది.

"ఇప్పుడు?"

"ఎర్రది లేదు. ఊకె చెయ్యి ఆడిస్తుండు. ముట్టొద్దు."

పంతొమ్మిది చూపించాను. పదమూడింటికి పని జేయమంటుండు అంది. ఆరింటికి ముట్టొద్దు అంది. జట్టు కదిలినవి సరిగ్గా ఆ పదమూడే. చివరి సైగ ఆ ఆరింటిలో ఒకటి. పదేళ్లుగా లీగ్ పెద్దలకు, పత్రికల వాళ్లకు, ప్రదీప్‌కు, నాకు అర్థం కానిదాన్ని ఈదమ్మ పావుగంటలో తేల్చేసి, "నా సాలు ఎండుతుంది, పోత," అని లేచిపోయింది.

సల్మాన్ చిన్నప్పటి నుంచి తల్లి వెంట చేసిన పనిని తీసుకెళ్లి ఆటలో పెట్టాడు. తన సైగల్ని ఎదుటి జట్లు చదివేస్తున్నాయని తెలిశాక ఎర్ర పట్టీ కట్టాడు. పట్టీ ఉంటే నిజం సైగ, పట్టీ దాస్తే వల. చివరి ఆటలో అతను ఎదుటివాళ్లకు చెయ్యెత్తి చూపించింది నిజమే. వాళ్లను బోల్తా కొట్టించడానికే చూపించాడు. మ్యాచ్ పోయింది సైగ వల్ల కాదు, పట్టీ లేదని తెలిసీ దూకిన ఒక మనిషి వల్ల.

నాకు చేలోనే ఎగిరి గంతెయ్యాలనిపించింది. వయసు గుర్తొచ్చి ఆగాను.

కానీ ఇది రుజువు కాదు. ఈదమ్మ అర్థాన్ని ప్రదీప్ ఒక్క మాటతో కొట్టేస్తాడు. పట్టీ నియమం వడ్డేపల్లి చేలో కూర్చుని మేమే అల్లామంటాడు. పట్టీ గురించి తెలుసని జితేందర్ తన నోటితో చెప్పాలి. అబద్ధం ఆడటానికి సిద్ధమై వచ్చిన మనిషి నిజం ఎందుకు చెబుతాడు? గద్వాలలో టీ కోసం ఆగినప్పుడు దానికీ దారి దొరికింది. జట్టు కదలని ఆ ఐదు సైగల్నీ వేరు చేసి, పెన్‌డ్రైవ్ లో వచ్చిన ముక్క ఎలా ఉందో అలాగే కత్తిరించాను. కుడిచెయ్యి ఉంటుంది, ఎడమచెయ్యి ఉండదు. దూరంగా నిలబడ్డ ఇరవై ఒకటో నంబర్ ను మాత్రం పక్కన వేరే ముక్కగా పెట్టాను.

నాలుగు గంటలకు అకాడమీ హాలు. బల్ల వెనక ఐదుగురు సభ్యులు. నడుమ అధ్యక్షుడు వెంకటయ్య సారు, రిటైరైన హెడ్మాస్టరు, కళ్లద్దాల పైనుంచి చూసే అలవాటు. ఒక పక్క జితేందర్, ఇంకో పక్క సల్మాన్, వెనక కుర్చీలో నల్ల బురఖాలో సుల్తానాబీ. అకాడమీ కోచ్‌లు, ఆటగాళ్ల తల్లిదండ్రులు ఓ ఇరవై మంది.

ప్రదీప్ తన రిపోర్టు పది నిమిషాలు చదివాడు. బాగానే చదివాడు. జితేందర్ లేచి పొద్దున నాతో అన్నదే మళ్లీ అన్నాడు. సభ్యుల్లో ఇద్దరు తలలూపారు. నా వంతు వచ్చింది.

"జితేందర్ గారూ, మూడు సీజన్లు ఆడిండ్రు. సైగ తప్పిన రోజు ఉన్నదా?"

"ఒక్కటి గూడ తప్పలే. ఆపేటోనికి సైగనే ప్రాణం."

"అయితె ఇది చూడుండ్రి. అదే ఫైనల్. ఇరవై ఆరో నిమిషం." గోడ మీద కుడిచెయ్యి రుద్దింది, పక్క ముక్కలో ఇరవై ఒకటో నంబర్ బొమ్మలా నిలబడ్డాడు. "సైగ అయింది. మీరు కదల్లే."

జితేందర్ నుదురు ముడివేశాడు. మొత్తం వీడియో ఎవరి దగ్గరా లేదనుకున్న మనిషి.

"ముప్పై ఒకటో నిమిషం. కదల్లే. ముప్పై ఎనిమిది. కదల్లే. నలభై మూడు, నలభై తొమ్మిది, అదే కథ." నేను సభ్యుల వైపు తిరిగాను. "సైగ జేస్తె దూకాలె, గంతే అని ఇప్పుడే చెప్పిండు సార్. ఐదుసార్లు సైగ అయితె ఐదుసార్లు నిలబడి చూసిండు. కాళ్లు రాలేదో, కండ్లు కనబడలేదో. రెండో పేరు ఈయనది. పిల్లలకు ఏం నేర్పుతడో మీరే ఆలోచించుండ్రి."

వెనక ఎవరో నవ్వారు. జితేందర్ మెడ దాకా ఎర్రబడ్డాడు.

"మేడం, ఆట తెల్వకుంటె మాట్లాడొద్దు."

"తెల్వదు కాబట్టే అడుగుతున్న. భయపడ్డరా?"

"నేనా భయపడేది?" అతను కుర్చీ నెట్టుకుని లేచాడు. "మూడేండ్లల నా దిక్కుకెళ్లి ఎన్ని బంతులు పోయినయో అడుగుండ్రి ఎవర్నన్న. గయన్ని కదలొద్దని చెప్పిన సైగలు. ఎడమచేతికి ఎర్ర పట్టీ ఉంటెనే దూకాలె, పట్టీ లోపలికి దోపిండంటె ఉన్నకాడనే ఉండాలె. గా ఐదుసార్లు పట్టీ లేదు. అందుకే నిలబడ్డ. సరిగ్గనే ఆడిన."

తానేం ఒప్పుకున్నాడో అతనికి ఇంకా తెలియలేదు. ముందు తెలిసింది ప్రదీప్‌కు. టాబ్లెట్ మీద నుంచి మెల్లగా తలెత్తాడు.

"సార్," అన్నాను వెంకటయ్య గారితో, "నేను చూపించిన ఐదు ముక్కల్ల ఎడమచెయ్యి కనబడదు. పట్టీ అనే మాట ఈ హాల్ల నేను ఒక్కసారి గూడ అనలే."

ఫోన్ తీసి పొద్దుటి రికార్డు వినిపించాను. 'మా టీంల దొంగ సైగలు లేనే లేవు.' పది గంటల ఐదు నిమిషాలు. తర్వాత కత్తిరించని చివరి ఆట గోడ మీద వేశాను. యాభై నాలుగో నంబర్ పూర్తిగా కనిపించాడు. కుడిచెయ్యి ఎదుటివాళ్ల కోసం ఆడుతోంది. ఎడమ మణికట్టు మీద నల్ల చొక్కా, ఎర్రరంగు జాడ లేదు. వెనక ఆరుగురిలో ఐదుగురు రాళ్లలా నిలబడ్డారు. ఇరవై ఒకటో నంబర్ ఒకసారి ఆ చేతి వైపు చూసి, ముందుకు దూకాడు.

మోసాన్ని పదేళ్లు దాచగలిగిన మనిషి, ఆట రానివాడు అనిపించుకోవడాన్ని పది నిమిషాలు ఓర్చుకోలేకపోయాడు. ఆటగాళ్లకు తప్ప ఈ జబ్బు ఇంకెవరికీ రాదు. నేను దాని మీదే పందెం కాశాను.

"కూర్చో జితేందర్," అన్నారు వెంకటయ్య సారు. "ఎందుకు చేసినవు?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నన్ను టీంల నుంచి తీసేస్తున్నరని తెల్సింది సార్. వచ్చే సీజన్ల వాళ్ల టీంల చోటిస్తమన్నరు. ఒక్క ఆట వదిలెయ్యమన్నరు. వీడియో కత్తిరించి లీగోళ్లకు పంపింది గూడ నేనే. ఆ సీజనే రాలే."

సల్మాన్ అతని వైపు చూడలేదు. గోడ మీద ఆగిపోయిన తన బొమ్మనే చూస్తున్నాడు.

ప్రదీప్ లేచి నిలబడ్డాడు. ఏదో అడ్డం వేస్తాడనుకున్నాను. "అధ్యక్షా, నా రిపోర్టులో ఆరో పేజీ వెనక్కి తీసుకుంటున్నాను," అని, నా పక్కగా పోతూ గొంతు తగ్గించి, "ఆ అంకె సగం తెగిన సంగతి నేను చూసి ఉండాల్సింది," అన్నాడు. ఆ ఒక్క మాటకు పొద్దుటి పల్లెటూరి మాట మాఫీ చేసేశాను.

వెంకటయ్య సారు గుమాస్తాకు తీర్మానం గట్టిగా చెప్పి రాయించారు. సల్మాన్ మూడు సీజన్లూ నిజాయితీగా ఆడినట్టు సాక్ష్యంతో రుజువైందని. ఓడిన ఫైనల్లో అతని వైపు ఏ తప్పూ లేదని. కోచ్‌గా అతని నియామకం ఖాయమని. ఒక్కో వాక్యం పూర్తయినప్పుడల్లా సల్మాన్ ఛాతీ ఒక్క మెట్టు పైకి లేచింది. నా కళ్లు తడిశాయని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

"ఇంకొకటి," అన్నారు సారు, కళ్లద్దాలు తీసి. "సంతకం లేకుండా ఇంత మంచి మనిషి మీద ఉత్తరం రాసినోన్ని వదలొద్దు. పోలీసులకు ఇద్దాం. సుమనమ్మా, జితేందర్ రాయలేదంటుండు. మరి ఎవరు?"

ఆ కాగితాన్ని మనసులో మళ్లీ చదువుకున్నాను. తీసెయ్యమనకుండా తేల్చమన్న ఉత్తరం. జితేందర్‌ను అందరి ముందు అడగమన్న ఉత్తరం. నా బుర్ర అక్కడికి చేరేలోపే సల్మాన్ లేచి నిలబడ్డాడు.

"నేనే రాసిన సార్. వీడియో ముక్క గూడ నేనే పెట్టిన. నా తాన ఉన్నది గదొక్కటే."

హాలంతా అతని వైపు తిరిగింది.

"ఫిర్యాదు లేకుంటె విచారణ లేదన్నరు పదేండ్ల కింద. ఉద్యోగం ఊకెనే వస్తుండె సార్, నాకు తెల్సు. కాని రేపు ఏ తల్లో తండ్రో గుసగుసలు పెడితె నేనేం చెప్పాలె? ఎవరన్న గట్టిగ అడగాలె. ఎవరు అడుగుతలేరు. అందుకే నేనే అడిగిన. నా పని ఎగబడి పోవుడు గాదు సార్. ఎదుటోన్ని రానియ్యాలె. దగ్గరికొచ్చినంక పట్టుకోవాలె."

"వీడియో దొరక్కుంటే?" అన్నాను. అరిచాననే చెప్పాలి. "ఈదమ్మ లేకుంటే? ఈయన నోరు జారకుంటే ఏం చేస్తుంటివి?"

"ఓడిపోతుంటి అక్కా. అందరి ముందట ఓడిపోతుంటి. ఫోన్ల గాదు."

అప్పుడు వెనక కుర్చీ కిర్రుమంది. సుల్తానాబీ లేచి, మనుషుల్ని తప్పించుకుంటూ ముందుకు వచ్చింది. కొడుకు భుజం దాకా కూడా రాదు. అతని కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్లు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆ కాగితం రాసినోని చెయ్యి ఇరగాలెనని ఐదు దినాల సంది నమాజు అయినంక రోజు దువా చేస్తున్న గదరా," అంది. "ముందే నాకు చెప్పొద్దా?"

సల్మాన్ నవ్వాడు. నేను అతన్ని ఎరిగిన ఐదు రోజుల్లో అదే మొదటిసారి. పదేళ్లలో కూడా అదే మొదటిసారని తర్వాత ఆమే చెప్పింది. వెంకటయ్య సారు గుమాస్తా వైపు తిరిగి, ఫిర్యాదుదారు పేరు దగ్గర ఖాళీ వదలొద్దు, సల్మాన్ అని రాయి అన్నారు.